బస్తరు సాయంకాలము: ఎల్విన్ రెండు గ్రంథములు

వెరియర్ ఎల్విన్ బస్తరును గూర్చి వ్రాసిన రెండు పెద్ద గ్రంథములు నాలుగేండ్ల యెడముతో వెలువడినవి. 1943లో 'మరియా మర్డర్ అండ్ సూయిసైడ్', 1947లో 'ది మురియా అండ్ దేర్ ఘోటుల్'. మొదటిది హత్యలను, ఆత్మహత్యలను గూర్చినది. రెండవది మురియా యువతీయువకులు రాత్రివేళ కూడియుండు ఘోటుల్ అను గృహమును గూర్చినది. మొదటిదానిని నేరశాస్త్రమునందు ఆసక్తి గలవారు చదివినారు. రెండవదానిని లోకమంతయు చదివినది. చదువనివారును దానిని గూర్చి మాటలాడినారు. ఒకటి నేరమునకు, వేఱొకటి ప్రణయమునకు సంబంధించినదని తలచుటచేత ఈ రెండును ఒకచోట చేరి చర్చకు వచ్చుట అరుదు. ఆ తలంపు సరికాదు. రెండు గ్రంథములును ఒకే ప్రశ్నను రెండు దిక్కుల నుండి అడుగుచున్నవి. పగలెల్ల పనిచేసిన మనుష్యునకు ప్రొద్దు గ్రుంకిన పిమ్మట మిగులునదేమి? ఆ మిగిలినదానిపై అధికారమెవరిది?

ఈ ప్రశ్న నేడు మరల నలుగురి నోటను పడినది. 2023లో ఒక ప్రసిద్ధ పారిశ్రామికవేత్త మన యువకులు వారమునకు 70 గంటలు పనిచేయవలెనని సెలవిచ్చుటతో దేశమంతట వాదోపవాదములు చెలరేగినవి. 2025లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గము దినమునకు 9 గంటలుగా నున్న గరిష్ఠ పరిమితిని 10 గంటలకు పెంచుటకు ఆమోదించినది. పత్రికలలో 'పని–జీవిత సమతుల్యత' అను సమాసము దినదినమును కనబడుచున్నది. ఈ సమాసము పనిని ఒక తక్కెడలోను, జీవితమును వేఱొక తక్కెడలోను ఉంచి తూచుచున్నది. తెలుగు రైతు తన పనికి పెట్టుకొన్న పేరు బ్రతుకుతెరువు. ఆ పేరులో తక్కెడ లేదు, దారి యున్నది. ఐనను దారి యున్నంత మాత్రమున నడచువానికి నిలుచుటకు నీడ యున్నదని చెప్పలేము. ఈ సందేహముతో ఎల్విన్ పుటలను తిరుగవేయుట నిష్ప్రయోజనము కాదు.

ఎల్విన్ జీవితము సుప్రసిద్ధము. 1902లో ఇంగ్లండులోని డోవరులో జన్మించి, ఆక్స్‌ఫర్డులో చదివి, 1927లో క్రైస్తవ సేవాసంఘ సభ్యుడుగా పూనాకు వచ్చి, గాంధీజీకి సన్నిహితుడై, 1932లో మిత్రుడు షామరావు హివాలేతో మైకల్ కొండలలోని గోండుల నడుమ స్థిరపడినాడు. 1954లో భారత పౌరసత్వము స్వీకరించినాడు. 1964లో మరణించిన పిమ్మట, 1965లో అతని ఆత్మకథకు సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. శాస్త్రజ్ఞులకు అతడు కొంత కవిగను, కవులకు కొంత శాస్త్రజ్ఞుడుగను కనబడుటలో వింత లేదు. అతని బలమును, దౌర్బల్యమును ఆ రెంటి నడుమనే యున్నవి.

మొదట 1943 నాటి గ్రంథమును చూడవలెను. నర్తనమునందు అడవిదున్న కొమ్ములను తలపై ధరించు దక్షిణ బస్తరు మరియాలు ఇందలి పాత్రలు. భద్రాచలము వైపు కోయల కొమ్ము నృత్యమును చూచినవారికి వీరిని క్రొత్తగా పరిచయము చేయనక్కరలేదు. ఎల్విన్ నూరు హత్యల వృత్తాంతములను, ఏబది ఆత్మహత్యల వృత్తాంతములను పరిశీలించి, వాని హేతువులను విడదీసినాడు. ఆస్తి తగవు, చేతబడి యనుమానము, తిట్టు, ఇంటి కలహము, స్త్రీపురుష సంబంధము, మద్యము, ఉన్మాదము: ఇవన్నియు ఏ దేశపు న్యాయస్థానమునందైనను వినబడునవే. వానితోపాటు మరియొక హేతువును ఎల్విన్ ప్రత్యేకముగా చర్చించినాడు. అది అలసట. పొలము నుండియో అడవి నుండియో డస్సి యిల్లు చేరినవాడు, అన్నము సిద్ధముగా లేదన్నంత చిన్న కారణముచేత చేతనున్న గొడ్డలిని ఎత్తుట. సాక్ష్యములో నమోదైన కలహము అన్నమును గూర్చినది. దాని వెనుక నున్నది ఆనాటి పగలంతయు.

కథకులకు ఈ భాగము ఏ అలంకార గ్రంథముకన్నను ఎక్కువ ఉపకారము చేయగలదు. మన కథలలో హత్యకు ముందు పగయుండును, పగకు ముందు చరిత్రయుండును. పగ లేని హత్యను వ్రాయుట కష్టము. ఎల్విన్ చూపిన హంతకునకు ఎవరిపైనను పగ లేదు. అతనికి కావలసినది గిన్నెడు జావ, కూర్చుండుటకు అరుగు, కొంతసేపు ఎవరును పలుకరింపని నిశ్శబ్దము. అవి దొరకలేదు. తరువాత అతడే గ్రామపెద్ద వద్దకు పోయి చెప్పుకొనును. తప్పించుకొని పారిపోవలెనన్న తలంపు అతనికి తరచుగా రాదు.

ఇచట పాఠకుడు ఒక విషయమును మరువరాదు. న్యాయస్థాన పత్రములలో మాటలాడువాడు ముద్దాయి. తన అలసటను అతడు చెప్పుకొనగలడు. చనిపోయిన భార్య కూడ ఆ దినమున నీరు మోసినది, కట్టెలు తెచ్చినది, ధాన్యము దంచినది, పొలమునకు పోయి వచ్చినది. అన్నము ఆలస్యమగుటకు ఆమె అలసటయే కారణము కావచ్చును. దానికి వాఙ్మూలము లేదు. ఎల్విన్ సున్నిత హృదయుడు. ఐనను పత్రము ఎచట ముగిసినదో అతని సానుభూతియు సుమారుగా అచటనే ముగిసినది. నవలాకారునకు అచటనే పని మొదలగును.

ఇక 1947 నాటి గ్రంథము. కొండగాఁవ్, నారాయణపూర్ ప్రాంతముల మురియాలది. ఊరి అంచున ఒక పెద్ద యిల్లు, దాని చుట్టు దడి, ముందర వాకిలి. అవివాహితులైన బాలురు చేలిక్కులు, బాలికలు మోటియారులు. వీరు సాయంకాల భోజనానంతరము అచటికి చేరి, ఆడి, పాడి, కథలు చెప్పుకొని, రాత్రి అచటనే నిద్రింతురు. దీనిని స్థాపించినవాడు లింగో అను దేవుడని, అతడు పదునెనిమిది వాద్యములను ఒక్కమారుగా వాయింపగలిగిన వాడని వారి పురాణము. ఈ గృహమునందలి స్త్రీపురుష సంబంధములను ఎల్విన్ దాపరికము లేకుండ వ్రాసినాడు. దానితో గ్రంథమునకు కీర్తియు, అపకీర్తియు ఒక్కసారే వచ్చినవి. ఫ్రెంచి అనువాదము 1959లో వచ్చినది. 1968లో ఆంగ్లమున సంక్షిప్త రూపము వెలువడినది. చదివినవారిలో పెక్కురు వెదకిన పుటలు ఏవో ఊహించుట కష్టము కాదు. ఆ పుటలను దాటి చూచినచో గ్రంథము స్వరూపమే మారును.

ఘోటుల్‌లో ప్రతి సాయంకాలము మొదట జరుగునది ప్రణయము కాదు, పాట కాదు, లెక్క. చిన్న బాలురు తలకొక కట్టెను తెచ్చి నిప్పునకు సమర్పింపవలెను. తెచ్చిరో లేదో చూచుటకు ఒక అధికారి కలడు. వాకిలి ఊడ్చుట, అలుకుట బాలికల వంతు. పని ఎగ్గొట్టినవారికి శిక్షలున్నవి. ఊరిలో పెండ్లి జరిగినచో ఈ యువజనమే చాకిరి చేయవలెను. పొలముపని ఎక్కువైన రైతు వీరిని గుంపుగా పిలుచుకొనును. వచ్చిన కూలి వేరువేరుగా పంచుకొనబడక ఘోటుల్ విందుకు చేరును. కనుక ఇది పని లేనివారి కొలువు కాదు. మురియా బాలుడు పగలు పశువులను కాచి, సాయంకాలము మరల కట్టె మోసికొని వచ్చుచున్నాడు. ఐనను అతనికి ఆ కట్టె బరువు కాదు. ఎందువలన? ఆ కట్టెను అడుగువాడు తనకన్న నాలుగేండ్లు పెద్దవాడైన తన తోటివాడు. ఆ మంట తాను కాచుకొను మంట. మురియాల జీవితమున పని తక్కువ కాదు. ఆ గృహములోని పనికి యజమాని బయటివాడు కాడు. ఈ భేదమునే గంటల లెక్క పట్టుకొనలేకపోవుచున్నది.

ఈ అధికారుల బిరుదులు గమనింపదగినవి. కోత్వార్, దివాన్, తహశీల్దార్: బస్తరు రాజ్యపు కచేరీలలోని పదవులను పిల్లలు తమ పాకలోనికి తెచ్చుకొన్నారు. పగలు నిజమైన కోత్వారుకు భయపడిన కుటుంబములోని బాలుడు రాత్రి తానే కోత్వార్ అగును. ఎల్విన్ ఈ బిరుదులను ముచ్చటగా వర్ణించినాడు. వీనిలోని వెక్కిరింతను అంతగా పట్టించుకొన్నట్లు తోచదు. మన వీథి భాగవతములలో రాజవేషము వేయు కూలివానికి ఆ కిరీటమునందు గల ఆనందమెట్టిదో ఎరిగిన తెలుగు పాఠకునకు ఇది వెంటనే అర్థమగును.

ఎల్విన్ వర్ణనలో ఒక లోపము స్పష్టము. మోటియారులు చేలిక్కుల తలలు దువ్వుదురు, చేతులు కాళ్ళు పట్టుదురు. చేలిక్కులు వారికి చెక్కిన దువ్వెనలను కానుక చేయుదురు. ఆ దువ్వెనల శిల్పమును అతడు ఎంతో ప్రేమతో వర్ణించినాడు. అలసిన వాని అలసటను తీర్చు విద్య మురియాలకు తెలియునని సంతోషించినాడు. కాని పగలు వంచిన నడుమును ఎత్తక పనిచేసిన బాలిక రాత్రి మరల ఇంకొకరి వీపు ఒత్తుచున్నది. దువ్వెన ఒకసారి ఇచ్చిన చాలును. ఒత్తుట ప్రతి రాత్రియు ఉండును. స్వేచ్ఛా గృహమునందు సైతము సేవ ఒకవైపునకే ఒరిగియున్నదని గ్రంథకర్త చెప్పియున్నచో గ్రంథమునకు లోటు కలిగెడిది కాదు. 1992లో సిమరన్ గెల్ ఘోటుల్‌ను గూర్చి మరల ఒక గ్రంథము వ్రాసి, ఎల్విన్ వెన్నెలను కొంత పగటి వెలుతురులోనికి తెచ్చినది.

రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన ఉంచినపుడు తోచునది ఇది. మురియాలకన్న ఘోటుల్ లేని మరియాలలో నరహత్య ఎక్కువ. ఈ భేదమును ఎల్విన్ స్వయముగా గుర్తించి, ఘోటుల్ నేర్పు క్రమశిక్షణము, అసూయారాహిత్యము దీనికి కొంత కారణమని అభిప్రాయపడినాడు. అంతవరకు వచ్చి, అలసటను గూర్చి తాను వ్రాసిన మాటను అతడు మరచినాడు. ఒకనికి పని ముగిసిన తరువాత పోవుటకు ఒక చోటు కలదు. ఆ చోట మంట, పాట, తోటివారు కలరు. రెండవవానికి పని నుండి ఇంటికి, ఇంటి నుండి పనికి దారి తప్ప వేఱు దారి లేదు. ఆ యిరుకు దారిలోనే గొడ్డలి యున్నది. ఘోటుల్ అవివాహితులకు మాత్రమే కదా, హంతకులలో వివాహితులున్నారు కదా యని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ బలమైనదే. ఐనను బాల్యమున పదేండ్లపాటు ప్రతి సాయంకాలమును తనదిగా అనుభవించినవాడు, పెండ్లియైన పిమ్మట అలసటను మోయు తీరు వేఱుగా నుండునని భావించుట అసంగతము కాదు.

ఈ సాయంకాలమును హరించుటకు బయటినుండి వచ్చిన శక్తి యేది? ఎల్విన్ గ్రంథముల కేంద్రమున ఇది లేదు. దీనికై చరిత్రను ఆశ్రయింపవలెను. 1905లో అడవిలో మూడింట రెండు వంతులను రక్షితారణ్యము చేయ సంకల్పించి, పోడును, వేటను, అడవి పంటల సేకరణను ఆపివేయ తలపెట్టినారు. కొన్ని గ్రామములను అడవిలో ఉండనిచ్చినారు గాని, చెట్లు నరికి మోయుటకును, కార్చిచ్చు నుండి అడవిని కాచుటకును అటవీశాఖకు కూలి లేకుండ పనిచేయవలెనన్న నిబంధనతో ఉండనిచ్చినారు. కచేరీ యుద్యోగులు కోరిన వెట్టి దీనికి తోడైనది. 1910 ఫిబ్రవరిలో భూమ్‌కాల్ తిరుగుబాటు చెలరేగినది. మామిడి కొమ్మలు, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణములు ఊరినుండి ఊరికి సందేశములుగా నడచినవి. నేతానార్ గ్రామపు గుండాధుర్ పేరు నేటికిని బస్తరులో వినబడుచున్నది; అతడు ప్రభుత్వమునకు చిక్కలేదు. తిరుగుబాటు నణచుటకు మూడు మాసములు పట్టినది. పిమ్మట రక్షితారణ్యపు విస్తీర్ణమును ముందు అనుకొన్నదానిలో సుమారు సగమునకు తగ్గించినారు. ఈ చరిత్రను నందినీ సుందర్ 1997 నాటి తన గ్రంథమున సవిస్తరముగా పరిశీలించినది. భూమ్‌కాల్‌ను భూమికొఱకు, అడవికొఱకు జరిగిన పోరుగా చెప్పుట వాడుక. అది కాలముకొఱకు జరిగిన పోరు కూడ. వెట్టిలో పోవునది కూలి మాత్రమే కాదు. ఏ దినము తనది, ఏ దినము సర్కారుది అన్న నిశ్చయమే పోవును.

వెట్టి యన్న మాట తెలుగు సాహిత్యమునకు క్రొత్త కాదు. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'లోను, దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు'లోను నిజాము కాలపు తెలంగాణ వెట్టిని చదివినవారు ఆ దృశ్యములను మరువజాలరు. అవి గొప్ప నవలలు. వానిలో దొర గడి కనబడినంత స్పష్టముగా వెట్టివాని గుడిసెలోని సాయంకాలము కనబడదని చెప్పుట వానికి అగౌరవము కాదు. దౌర్జన్యమును చూపవలసిన అవసరము అంత తీవ్రమైనది. కాని దౌర్జన్యము లేని దినమున కూడ వెట్టివాడు వెట్టివాడే. ఆ దినమున అతడు ఇంటి ముందు కూర్చుండి పాట యెత్తుకొనబోయి, పిలుపు వచ్చునేమో యని చెవి అటు వేసియుండును. అట్టి దృశ్యము ఇంకను వ్రాయబడవలసి యున్నది.

పాటను గూర్చియే ఒక మాట. నేదునూరి గంగాధరము మొదలుకొని బిరుదురాజు రామరాజు వరకు మన జానపద గేయ సేకర్తలు చేసిన సేవ అపారము. దంపుళ్ళ పాటలు, తిరుగటి పాటలు, ఏతము పాటలు, నాట్ల పాటలు, కలుపు పాటలు పుస్తకములలో నిలిచినవి. వీనికి పీఠిక వ్రాయువారందరును 'శ్రమ తెలియకుండుటకై పాడుకొను పాటలు' అను వాక్యమును తప్పక వ్రాయుదురు. ఈ వాక్యము ఎంత తేలికగా కలమునుండి జారునో అంత తేలికగా విడువదగినది కాదు. శ్రమ తెలియకుండుట ఎవరికి లాభము? దంచువారికి కొంత ఉపశమనమే. దంపించువారికి మరి కొన్ని కుంచముల బియ్యము. రోకటి పోటుకు లోబడిన పాట రోకలితో ఆగును. మురియాల పుస్య మాసపు కోలాటము అట్టిది కాదు. పంట ఇల్లు చేరిన తరువాత చేలిక్కులు కోలలు పట్టి ఊరూర తిరిగి ఆడుదురు. ఆ పాటకు తాళము వేయునది పనిముట్టు కాదు. పనిలోని పాటయు, పని తీరిన పాటయు రెండు జాతులు. మన సంకలనములలో మొదటిదానికి దక్కిన గౌరవము రెండవదానికి దక్కలేదని తోచును. బహుశః సేకర్తలు పల్లెకు పోయినపుడు పల్లెలు పనిలోనే యుండుటయు, వచ్చినవారు ప్రొద్దుగూకక ముందే బండి యెక్కుటయు దీనికి కారణములేమో.

అనువాదకుడు ఈ గ్రంథములను తెలుగు చేయబూనినపుడు ఈ చిక్కు మాటల రూపమున ఎదురగును. ఇంగ్లీషులో 'లీజర్' అన్న పదము ఎల్విన్‌కు సులభముగా దొరకినది. తెలుగున దానికి సమానమేది? తీరిక యన్నచో, తీరు అన్న క్రియ నుండి వచ్చినది. పని తీరగా మిగిలినది. విశ్రాంతి అలసినవానిది. విరామము రెండు పనుల నడుమ ఖాళీ. సెలవు అన్నది ఇంకొకరు ఇచ్చు అనుమతి. ఆటవిడుపు బడి పంతులు దయ. ఈ ఐదు మాటలును కాలమును పని వైపునుండియే చూచుచున్నవి. ఘోటుల్ సాయంకాలము వీనిలో ఏదియు కాదు. అది మిగిలినది కాదు, ఇచ్చినది కాదు. దీనికి ఎదురుగా అలసటకు తెలుగున ఎన్ని మాటలు! అలసట, బడలిక, సొలపు, డస్సుట, నిస్సత్తువ, మేను వ్రాలుట. 1943 నాటి గ్రంథమును తెలుగు చేయుట సులభము. 1947 నాటిది కష్టము. నిఘంటువు ఒక జాతి జీవితమునకు సాక్ష్యము చెప్పునన్నచో, ఈ సాక్ష్యము సంతోషకరమైనది కాదు.

ఈ కొఱత తెలుగువారిది మాత్రమే యనుకొనుట పొరపాటు. పాల్ లఫార్గ్ 1880లో ఫ్రెంచిలో సోమరితనపు హక్కును గూర్చి వ్రాసినపుడు ఆ శీర్షికయే వ్యంగ్యముగా కనబడినది. 1930లో కెయిన్స్ నూరేండ్లకు వారమునకు 15 గంటల పని చాలునని ఊహించినాడు. ఆ నూరేండ్లు నిండవచ్చుచున్నవి. 1932లో బెర్ట్రాండ్ రస్సెల్ తీరికను ప్రశంసించి వ్యాసము వ్రాసినాడు. వీరందరును పని గంటలను తగ్గింపుమన్నవారే. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒడంబడికలో పరిశ్రమలకు దినమునకు 8, వారమునకు 48 గంటలను నిర్ణయించినది. ఆ పత్రమునందే బ్రిటిష్ ఇండియాకు మాత్రము వారమునకు 60 గంటలని వేఱొక నియమము వ్రాసినారు. ఒకే కాగితముపై రెండు దేహములకు రెండు అలసటలు! స్వాతంత్ర్యానంతరము 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమునందు ఇచటను 48 గంటల పరిమితియే యుండెను.

బస్తరుకు ఈ గడియారము ఇనుప కొండతో వచ్చినది. బైలాదిలాలో 1968లో ఖనిజము త్రవ్వుట ఆరంభమైనది. కిరందుల్ నుండి కొత్తవలస మీదుగా రైలు ఆ ఎఱ్ఱ రాతిని విశాఖపట్టణపు రేవునకు చేర్చినది. అచటినుండి ఓడలు జపానుకు పోయినవి. గనిలో మూడు షిఫ్టులు, సైరను, చట్టప్రకారము ఎనిమిది గంటలు. దీనిని తేలికగా చూడరాదు. కార్మికునకు లిఖిత రూపమున సాయంకాలము దొరకుట గొప్ప విషయము. ఐతే ఆ సాయంకాలము హాజరు పట్టికలో పేరున్నవానికే. 1978 ఏప్రిల్ 5న కిరందుల్‌లో, యంత్రములు వచ్చుటతో పని కోల్పోయిన కాంట్రాక్టు కూలీలపై పోలీసులు కాల్పులు జరిపినారు. పని లేకపోవుట తీరిక కాదని దీనికన్న కఠినముగా చెప్పు ఉదాహరణము దొరకదు. ఆ ఇనుమును కొన్న జపానులో మితిమీరిన పనిచే కలుగు మరణమునకు 'కరోషి' అని ఒక మాటయే పుట్టినది. అచట 2018 నాటి చట్టము అదనపు పనికి సాధారణముగా నెలకు 45, ఏటికి 360 గంటల పరిమితిని విధించినది. మరియాల వద్ద ఎల్విన్ చూచిన అలసట ఇతరులను చంపినది; కరోషిలో అది తన్నే చంపుకొనుచున్నది. ఈ రెండును ఒకే వ్యాధి యని తేల్చివేయుట తొందరపాటు. ఒకదాని ప్రక్కన ఒకటి చదువుట మాత్రము తప్పు కాదు.

ఎల్విన్ చూచిన బస్తరు నేడు అట్లే లేదు. ఘోటుల్‌లు పెక్కు ఊళ్ళలో మూతపడినవి. ఉన్నచోట పూర్వపు తీరు మారినది. 2005 తరువాత సాల్వా జుడుం కాలమున ఊళ్ళు విడిచిన కుటుంబములు వేల సంఖ్యలో గోదావరి పరీవాహకములోని తెలుగు జిల్లాలకు చేరినవి. తెలంగాణలో వారిని గుత్తికోయలని పిలుచుచున్నారు. వారిలో మురియాలు కలరు. దక్షిణపు మురియాలను నారాయణపూర్ మురియాలతో కలిపివేయరాదు. ఐనను ఎల్విన్ గ్రంథము పేరులోని తెగ ఇపుడు తెలుగు వానికి ఇరుగుపొరుగు. స్థిరపడినవారు కాక, సుక్మా, బీజాపుర్ వైపునుండి ఏటేట మిరప కోతల కాలమున గుంపులుగా వచ్చువారు వేఱు. ములుగు, ఖమ్మం, భద్రాచలము వైపు చేలగట్లపై ప్లాస్టిక్ పట్టాల డేరాలు వెలయును. 1910లో ఊరూర తిరుగుబాటు కబురును మోసిన మిరపకాయ, నేడు అదే అడవిబిడ్డల వ్రేళ్ళను మండించుచున్నది. కాకతాళీయమే గాని, మరచుట కష్టము.

2020 ఏప్రిల్‌లో, దేశమంతట రాకపోకలు ఆగిన దినములలో, మిరప చేలకు పనికి వచ్చిన బీజాపుర్ జిల్లా బాలిక యొకతె తోటివారితో అడవిదారిన ఇంటికి బయలుదేరి, మూడు దినములు నడచి, ఊరు దగ్గరపడిన తరువాత మరణించినది. ఆమె వయస్సు 12 ఏండ్లు. ఘోటుల్‌లో ఆ ఈడు బాలిక వాకిలి ఊడ్చి పాట నేర్చుకొనుచుండును. పత్రికలు ఆమె నడచిన దూరమును కిలోమీటర్లలో లెక్కించినవి. ఆ నడకకు ముందు వారములలో, కోత ముగిసి మంట వెలిగిన తరువాత, డేరాల ముందు ఆ పిల్లలు ఏమి ఆడిరి, ఏ భాషలో పాడిరి, పాడుటకు ఓపిక మిగిలినదా? ఆ చేలు తెలుగువారివి. సరిహద్దునకు అవతల ఎల్విన్ ఎనిమిది దశాబ్దుల క్రిందట కూర్చుండి విన్నాడు. ఇవతల వినుటకు అవకాశము మన రచయితల గుమ్మములోనికే వచ్చినది. రోజుకూలి ఎంత, దళారి ఎంత తిన్నాడు అన్నవి కథలలోనికి వచ్చుట సులభము. చీకటి పడిన తరువాత ఆ డేరాలో జరుగునది కూడ కథలోనికి వచ్చినగాని ఆ మనుష్యులు కూలీలుగా కాక మనుష్యులుగా రారు.

ఎల్విన్‌ను తెలుగు చేయువారు రెండు గ్రంథములను కలిపి చేయుట మేలు. సంక్షేపింపవలసి వచ్చినచో అలసటను గూర్చిన భాగమును ముందుంచి, వెనువెంటనే ఘోటుల్ నియమములను గూర్చిన భాగమును ఉంచవచ్చును. ప్రణయాధ్యాయములు కొంత కుదించినను నష్టము లేదు, వానికి పాఠకులు ఎట్లును దొరకుదురు. ఘోటుల్ అన్న మాటను మార్చరాదు. యువజన గృహమన్నచో ప్రభుత్వ పథకమువలె వినబడును. శయనశాల యన్నచో, అచట అన్నిటికన్న తక్కువగా జరుగునది నిద్రయే. దీనిపై అధోజ్ఞాపికలు పెంచుటకంటె, గ్రంథారంభమున ఆ తొలి సన్నివేశమునే ఉంచిన చాలును: ప్రొద్దు గ్రుంకుచుండగా చిన్నవాడొకడు కట్టె పట్టుకొని దడి దాటి వచ్చుట, బాల అధికారి దానిని చూచి తల యూపుట, లోపల నిప్పు రాజుకొనుట.